చెమట పట్టిన కారు

డెన్జిల్ దొర అనేవాళ్ళం గానీ దొరేం కాదు,
వాల్తేరు లోకోషెడ్డులో డ్రైవరు.
కళ్ళకి శుక్లాలొచ్చి కారు అమ్మేస్తూ
తాళం నా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసి
"వాన్లో వదలకు, ఎండలో వదలకు" అన్నాడు.
మరి ఎక్కడ పెట్టాలో చెప్పలేదు.

రెండే సీట్లు. పొడుగు ముక్కు. నేలకి జానెడెత్తు.
స్పీడ్ బ్రేకరు కనిపిస్తే
నెలలు నిండిన మనిషిలా అడుగేస్తుంది.
ఒకప్పుడు ఎరుపట.
నా దగ్గరికొచ్చేసరికి పోయినేటి ఎండుమిరపకాయ.

మా ఇల్లు పెదజాలారిపేట వెనక సందులో.
మేడ మీద ఆరిన చీర తీసి
కొంగు చివర నాలిక్కి తాకించి చూస్తుంది రత్నం.
"ఉప్పు దిగింది. మళ్ళీ జాడించాలి."

ముప్పై ఒక్క ఏళ్ళు షిప్‌యార్డులో
ఓడల పొట్టలు గీకి రంగేసినవాణ్ణి.
తుప్పు నాకు చుట్టం కిందే లెక్క.
ముందు రంగు కింద గోరంత పొక్కు లేస్తుంది.
నొక్కితే మెత్తగా దిగుతుంది, చప్పుడుండదు.
అప్పటికే లోపల దాని పని అయిపోయుంటుంది.

మొదటి రెండేళ్ళూ బయటే,
గేటు పక్కన, వీధిలైటు కింద.
పోర్టు వైపు నుంచి గాలి మళ్ళిన రోజు
బానెట్ నిండా ఎర్రటి ఖనిజప్పొడి.
బడికెళ్ళే పిల్లలు వేలితో పేర్లు రాసిపోయేవారు.
ఒక కాకి రోజూ వచ్చి
పక్కద్దంలో ఇంకో కాకితో తగువాడేది.
వైశాఖంలో డాష్‌బోర్డు
గంజి ఎండిన గిన్నెలా పెటపెటా చీలింది.

కంచరపాలెం మెకానిక్కు గౌరీసు వచ్చి
"లోపలెట్టు మావా,
ముసిలోళ్ళని వీధిలో పడుకోబెడతారేటి?" అన్నాడు.

పెట్టాను.
రేకుల షెడ్డులోంచి సిలిండరు, చీపుర్లు, నా పాత రంగుడబ్బాలు
అన్నీ వంటింట్లోకి చేరాయి. రత్నం మూడ్రోజులు మాట్లాడలేదు.
మూడు గోడలు, ఒక షట్టరు.
ఇటుకల మీదికెత్తి,
పీటల మీద పెళ్ళికూతురికి మల్లే కూర్చోబెట్టి
పైన టార్పాలిన్ కప్పి, తాడు బిగించి, తాళం వేసి
ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.
చాలా రాత్రులు నిద్రపోయాను.

కార్తీకం వెళ్ళాక షట్టరెత్తితే
బూజుపట్టిన ఊరగాయ వాసన.
టార్పాలిన్ లోపలి వైపు చినుకులు వేలాడుతున్నాయి.
వానొచ్చిందా, లేదు. రేకు కారిందా, లేదు.
కారుకి చెమట పట్టింది.
బ్రేకులు కరుచుకుపోయాయి.
డెన్జిల్ కూర్చున్న సీటు దూదిలో
పందికొక్కు నాలుగు పిల్లల్ని పెట్టింది,
వాటికి మా వైర్లే చద్దన్నం.
తలుపు కింద నాకు తెలిసిన గోరంత పొక్కు.
దాని పక్కన ఇంకోటి.
పన్నెండు దాకా లెక్కపెట్టి ఆపేశాను.

గౌరీసు తల గోక్కుని "బయటే నయం కదేటి" అన్నాడు.
లోపలెట్టమన్నదీ ఆ నోరే.
కోపం రాలేదు.
డ్రైడాకులో ఓడ నిలబడితే చూసినవాణ్ణి.
ఎప్పుడూ నీళ్ళలో మునిగుండే చోట కొంత నయం,
ఎప్పుడూ గాలికుండే చోట కొంత నయం.
తడీ పొడీ తారుమారయ్యే ఆ ఒక్క గీత దగ్గరే
ఇనుమంతా కొరుక్కు తినేసుంటుంది.

షట్టరు పీకించాను. రెండు గోడలు కొట్టించాను.
"కట్టడానికే ఖర్చనుకున్నాను" అంది రత్నం.
రేకు కింద తాటాకు కట్టాను.
గాలి ఇటొచ్చి అటు పోతుంది.
దాని వెంట ఉప్పూ వస్తుంది, రానీ.

ఆదివారం పొద్దున ఆరింటికి చోక్ లాగితే
మూడుసార్లు దగ్గుతుంది.
నాలుగోసారి సందులో కుక్కలన్నీ లేస్తాయి.
జోడుగుళ్ళపాలెం మలుపు దాకా వెళ్ళి
సముద్రానికి ముఖం చూపించి వెనక్కి తిప్పుతాను.

కుళాయి రోజు విడిచి రోజు.
అయినా గుమ్మం పక్కన రెండు బిందెలు ఉంటాయి,
ఎవరు పెట్టారో నేనడగను, ఆమె చెప్పదు.
చక్రాల గూళ్ళు, తలుపుల అంచులు,
కిందికి దూరి, వీపు తడిసేలా కడిగి
ఇనుము మీద వేలు రాసి
నాలిక చివర పెట్టి చూస్తాను.

"ఇంకా ఉప్పగానే ఉంది. ఇంకో చెంబు."

"నీళ్ళు నిండుకున్నాయి" అంటుంది రత్నం,
తాగే కూజా ఎత్తి పట్టుకుని
వస్తూ.