దేవుడి డబ్బా

కొండపిలో పొగాకు గ్రేడింగుకి పోయే రోజుల్లో
ఎసట్లో పోసేముందు
దేవుడి డబ్బాలో పిడికెడు బియ్యం వేసేదాన్ని.
పిడికెడే. అదీ నూకలు ఏరి.
మంచి గింజలు పిల్లలకి.
ఆయనేమన్నా చూడొచ్చాడా!

వేలంలో ధర పడిపోయిన ఏడు
జొరమొచ్చి నెల్లాళ్లు మంచాన పడ్డా.
ఆరాధనయ్యాక సలోమమ్మ వచ్చి
కొంగులో మూట విప్పి
చాటలో పోసింది, గుడి బియ్యం.

చెరుగుతుంటే కనబడ్డాయి:
ఎవరింటివో మొలగొలుకులు, తెల్లగా, సన్నగా.
వాటి మధ్య
నా నూకలు.
నేను గుర్తుపట్టనూ?

ఆ పూట ప్రార్థనకి మాట పెగల్లేదు.
ఎసరు మాత్రం పొంగి పొయ్యారిపింది.

ఇప్పుడు మంచియ్యే వేస్తన్నా తండ్రీ.
అయినా ఒక్కోపొద్దు
చెయ్యి నూకలకేసే పోద్ది,
పాత అలవాటు.
పట్టుకో, ఆ చెయ్యి.