ఏడుగురికి ఒక దారి

శనివారం రాత్రి గ్యాస్ బిల్లు వెనకాల
మూడు పేర్లు రాసుకుంటాను:
కంబాలకొండ. కొండకర్ల ఆవ. మంగమారిపేట.
అడవి, మంచినీళ్లు, ఉప్పునీళ్లు.
ఊరు మూడూ ఇచ్చింది. ఆదివారం మాత్రం ఒక్కటే ఇచ్చింది.

ముప్పై ఏళ్లు పోర్టులో ఆటుపోట్ల లెక్క రాసినవాణ్ణి.
ఏ నీరు ఏ గంటకి వెనక్కి తగ్గుతుందో చెప్పగలను.
ఎవరి మోకాలు ఏ రాయి దగ్గర మొరాయిస్తుందో మాత్రం
అడిగి తెలుసుకోవాల్సిందే.

సన్యాసమ్మగారు ఎంతెత్తయినా ఎక్కుతుంది. దిగుడే పడదు.
"దిగినప్పుడే నాయినా, కాళ్లు ఎవులివో అన్నట్టుంటాది."
వరహాలుకి ఎత్తంటే భయం,
తెన్నేటి పార్కు పిట్టగోడ మీద కూడా కూర్చోడు.
ఏలియా దంపతులకి తొమ్మిదింటికి చర్చి.
వాళ్ల మనవరాలు కెజియాకి పీతలు కావాలి,
పీతలు లేని ప్రకృతితో దానికి పని లేదు.

కంబాలకొండ ఈ వారం బాగుంటుంది.
మొదటి వాన పడింది కదా, ఆకులు తడిసి మెత్తబడి
మన అడుగు మనకే వినపడదు.
టికెట్ల కిటికీ తెరిచేసరికి మటుకు
ఎండ మెడ మీద కూర్చుంటుంది.

కొండకర్ల ఇంకా బాగుంటుంది.
తాటిమానులు తొలిచి జతకట్టిన దోనె,
పక్కనుంచే జారిపోయే తామరాకులు,
నీటికోడి మునిగిన చోటు ఒకటి, తేలిన చోటు ఒకటి.
"అది నడకేటి, కూకోడం కదా" అని
సన్యాసమ్మగారు పోయినేడే కొట్టిపారేసింది.

కంబాలకొండ కింద గీత గీసేశాను.
అప్పుడు మోగింది ఫోను.
దాలినాయుడు మాస్టారు. ఏడో మనిషి.
ఏది కావాలో ఎప్పుడూ చెప్పరు, ఎక్కడికన్నా వస్తారు.
గుమ్మంలో రెండో చెప్పుల జత తీసేశాక
ఆ నాలుగు మాటలూ తగ్గించేశారు.

"రేపెక్కడికి?"
"కొండకి మాస్టారూ. మంచి ప్రశాంతంగా ఉంటుంది."

వాళ్లింట్లో ఫ్యాను తిరగడం నాకు వినపడింది.
చాలాసేపు వినపడింది.

"ప్రశాంతం ఇంట్లో సరిపడా ఉందయ్యా.
కొంచెం గోలగా ఉండే చోటేదైనా చూడు."

గీత కొట్టేశాను.
కళ్లద్దాలు వెతికి పట్టిక తీశాను:
పాటు, ఉదయం ఆరూ అయిదు.

భీమిలి రోడ్డు మీద రెండు ఆటోలు.
మంగమారిపేటలో వలలు దులుపుతున్నవాళ్లు
ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ దులుపుకున్నారు.
నీరు తగ్గి రాతితోరణం కాళ్లు బయటపడ్డాయి.
కింద నిలబడ్డ వరహాలు పైకి చూసి
"ఇది ఎత్తు కాదేటి?" అన్నాడు.
కింద ఉంటే కాదన్నాను. సగమే నమ్మాడు.
కెజియా లెక్క పదకొండు దగ్గర తప్పింది, మళ్లీ ఒకటి నుంచి.
సన్యాసమ్మగారు సముద్రానికి వీపు పెట్టి
రోడ్డవతల తొట్లకొండ వైపే చూస్తోంది,
చేపల బజార్లో మాంసం అడిగే మనిషిలాగ.

మాస్టారు చివరి బండ దాకా వెళ్లారు.
అక్కడ అల రాయిని కొట్టి లేస్తుంది, ఇంకోటి వస్తుంది,
సందు ఇవ్వదు.
ఆయన నోరు కదులుతోంది.
పాఠమో, పేరో, తిట్టో,
ఒక్క ముక్క కూడా ఒడ్డుకి రాలేదు.
ఏలియా పిలవబోతే చెయ్యి పట్టి ఆపాను.
చర్చికి ఇంకా టైముంది.

తిరిగొచ్చేసరికి పంచె మోకాళ్ల దాకా తడి.
"నీళ్లు మళ్లీ ఎప్పుడు తగ్గుతాయి?"
"సాయంత్రం, ఆరున్నరకి."
జేబులోంచి పెన్ను తీసి
అరచేతి మీద రాసుకున్నారు.
చెమ్మకి సిరా పట్టలేదు.
ఊది, ఆరబెట్టి, మళ్లీ రాసుకున్నారు.