ఐదో గడి

నాలుగు గడులు నింపిన.
పేరు, నంబరు, సెక్షను, తారీఖు.
ఐదోదాని కాడ పెన్ను ఆగింది.

"టెండరు వేసినోళ్ళతోటి మీకు బంధుత్వం ఉన్నదా?"
పైన అరబ్బీల, కింద ఇంగ్లీషుల.
ఔనుకొక డబ్బా, కాదుకొక డబ్బా,
రెండూ కలిపినా వేలిగోరంత లేవు.

సూర్ బల్దియా స్టోరుల పదిహేడేండ్లు.
మెట్‌పల్లిల బల్దియానే, ఈడా బల్దియానే,
ఆ ఒక్క మాటనే వచ్చిన కొత్తల నాకు తోడున్నది.
వాదీ పొంగి సముద్రం దిక్కు ఉరికినప్పుడు
గల్లీల నీళ్ళు తోడే పంపులు తుప్పు పట్టినయ్.
నాలుగు కొత్తయి కావాలె.
మూడు కవర్లు వచ్చినయ్, లక్క ముద్రలతోటి.
రెండోదాంట్ల, సేల్స్ అని ఉన్న కాడ,
ఇంగ్లీషుల పెట్టినా తెలుగు వంపు పోని సంతకం.

రాజమల్లు. మా సడ్డకుడు.

ఫారం వెనుక సన్నక్షరాల్ల దేవులాడిన.
అవ్వ, నాయిన, భార్య, పిల్లలు: మొదటి మెట్టు.
అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు: రెండో మెట్టు.
ఒక్క అత్తగారింటి గడప ముంగట
ఒక్క చెంబు నీళ్ళతోటి కాళ్ళు కడుక్కున్నోళ్ళం,
మేం ఏ మెట్టు మీద నిలవడాలె?
వేలు విడిచిన మేనమామకు సుత
మన దిక్కు ఒక పేరుంటది.
ఇంగ్లీషుకు అంత ఓపిక లేదు.

ఇంజినీరు ఖమీస్ చాయ్ పట్టుకొని వచ్చిండు.
"ఏంది, పరీక్ష రాస్తున్నవా?"
చెప్పిన. నా భార్య చెల్లె మొగడు అని
వేళ్ళ మీద లెక్కబెట్టి చెప్పిన.
"అదీల్!" అని నవ్విండు. "మాకున్నది ఆ మాట.
ఒంటె మీద ఈ పక్క బస్తా, ఆ పక్క బస్తా
బరువు సమానముంటెనే నడుస్తది కదా,
ఆ రెండో బస్తా పేరే అదీల్.
న్యాయానికీ అదే వేరు."
తన ఫారం చూపెట్టిండు. ఔను మీద టిక్కు,
కింద అర పేజీ రాత.
"ఈ ఊళ్ళె సగం మందికి నా ఇంటిపేరే.
ఎవలెవలని రాయను? అయినా రాసిన."

టిక్కు పెట్టిన. చెయ్యి వణకలే.
కమిటీల కెల్లి నన్ను తీసేస్తరు, అంతే కదా.

అంతే కాదు.

పోయిన నెల ఒక శుక్రవారం
రాజమల్లు రూముల కోడికూర తినుకుంట
ఉత్తగనే అడిగిన, మంచి పంపు ఎట్లుండాలె అని.
బొక్క చీకుకుంట చెప్పిండు:
"పిడికెడు రాయి వచ్చినా మింగి కక్కాలె.
డెబ్బయి ఆరు మిల్లీమీటర్లు, రాసుకో."
తెల్లారి స్టోరుల కూసొని స్పెక్కుల పేపరు కొట్టినప్పుడు
ఆ అంకె నా వేళ్ళల్ల కెల్లి దానంతటదే దిగింది.
మిగిలిన రెండు కంపెనీల పంపులు
డెబ్బయి అయిదు మింగుతయ్.
ఒక్క మిల్లీమీటరు.
ఈ పెన్ను ముల్లు అంత మందం.

పంపు మంచిదే. ధర సుత ఎక్కువ లేదు.
అబద్ధం చెప్పలే ఆయన.
కరోనాల జీతం ఆగిన మూడు నెలలు
నేను తిన్నది ఆయన ఉప్పే.
కూర లంచమా అని అడిగితే
నవ్వుతరు ఎవలైనా, నేనూ నవ్వుత.
కానీ ఆ అంకె ఎవలిది?
సంతకం నాది, నోరు ఆయనది.
దానికి ఫారంల గడి లేదు.

అందుకే కింద ఖాళీ జాగల
స్కేలు పెట్టి ఒకటి గీసిన.
వంకరగ వచ్చింది.
అండ్ల డెబ్బయి ఆరు అని రాసి
ఎక్కడి నుంచి వచ్చిందో రాసిన,
కోడికూర సంగతి సుత.
ఖమీస్ చదివిండు. ఈసారి నవ్వలే.
చాయ్ సల్లారేదాక చదివిండు.
"టెండరు మల్ల పిలవాలె" అన్నడు,
"వానల లోపట అయితదో లేదో."

రేపు శుక్రవారం.
పొద్దటి నుంచి రెండుసార్లు మోగింది ఫోను.
మసాలా నేను తెస్త అన్న పోయిన వారం.
పొట్లం ఈడనే ఉన్నది, టేబులు సొరుగుల,
ఫారాలన్నీ దాని వాసనే వస్తున్నయ్.