తలకట్టు

మార్కాపురంలో దుమ్ముకి కూడా రంగుంది,
బూడిదలో రెండు చుక్కల నీలం కలిపినట్టు.
పలకల ఫ్యాక్టరీల వీధిలో
ఆకులూ అదే రంగు, కుక్కలూ అదే రంగు,
ఆరేసిన పంచె మడత పెట్టేలోపు అదే రంగు.

ఆ వీధి చివర నుంచి వచ్చేది గాలెమ్మ,
కార్తీకంలో నేను చెన్నకేశవుడి గుళ్ళో
ఉపన్యాసం చెప్పినన్నాళ్ళూ.
వెనక స్తంభానికి ఆనుకుని కూర్చునేది.
దగ్గు వస్తే లేచి బయటికి పోయి
దగ్గి,
మళ్ళీ వచ్చేది.

నాకు భాషాప్రవీణ పట్టా ఉంది.
ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సంధులు విడగొట్టాను.
జ్ఞానం ముందా, భక్తి ముందా అని
పదకొండు సాయంత్రాలు విచారించాను.
రెండు పక్షాలకీ ప్రమాణాలు చూపించాను.
మిల్లు యజమాని శాలువా కప్పారు.

పన్నెండో రోజు ఆమెని అడిగాను,
ఏం అర్థమైంది గాలెమ్మా అని.
"ఏం కాలా సామీ.
మీరు మధ్యలో ఆగి నీళ్ళు తాగతారే,
అప్పుడు మాత్రం బాగుంటది."
నవ్వాను.
ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మర్నాడు తనే అంది:
"ఒక అచ్చరం చూసి చెప్పాల సామీ.
ఇంతదాకా ఎవురినీ అడగలా."

ఇల్లంటే ఒక గది,
విరిగిన పలకలు పేర్చిన గోడ.
గూట్లో పటాలుండాల్సిన చోట
చట్రం లేని పలక ఒకటి.
అంచున పసుపు. ముందు దీపం, రెండు కనకాంబరాలు.
పలక మీద బలపంతో ఒకే అక్షరం.
పగలంతా తడిగుడ్డతో
వందల పలకలు తుడిచే మనిషి
ఈ ఒక్కదానికి ఆరేళ్ళుగా తడి తగలనివ్వలేదు.

వాళ్ళాయన పోలయ్య
ఉలితో రాయిని పొరలుగా విప్పేవాడు.
అతను విప్పిన రాళ్ళ మీద
ఎన్ని ఊళ్ళ పిల్లలు ఓనమాలు దిద్దారో.
అతను దిద్దలేదు.
దుమ్ము ఊపిరితిత్తుల్లో మళ్ళీ రాయయ్యాక
ఒంగోలు పెద్దాసుపత్రిలో
పక్క మంచం పిల్లోణ్ణి బతిమాలి
ఒక్కటి నేర్చుకున్నాడు,
ఆమె పేరులో మొదటిది.

"ఇదే నువ్వు అన్నాడు సామీ.
పేరంతా రాసేదానికి గాలి చాల్లా."

చూశాను.
గ.
దీర్ఘం లేదు.
తలకట్టు నెత్తిన లేదు,
కింద పాదాల దగ్గర పడి ఉంది.

నా చెయ్యి నన్ను అడగలేదు.
కండువా కొస వేలికి చుట్టుకుని
పలక దాకా పోయింది,
ముప్పై రెండేళ్ళ చెయ్యి.

"తుడవబాక సామీ."

అరవలేదు.
నిద్రపోయే పిల్లని లేపొద్దన్నట్టు చెప్పింది.
"తప్పుందా?"
అబద్ధం నాలిక మీదికి వచ్చింది, తీయగా.
"ఉంది" అన్నాను.
"ఉండనీ. ఆయనకి చదువు రాదు గదా."
సాంబ్రాణి వెలిగించింది.
పొగకి దగ్గింది. పలక వైపు కాకుండా, పక్కకి తిరిగి.

"దేవుడెట్టుంటాడో నాకు తెలవదు.
నేనెట్టుంటానో ఒకడు రాసిపెట్టి పోయినాడు.
ఇద్దరూ ఒకటే అనుకోని దీపం పెడతండా.
పాపమా సామీ?"

ఏ గ్రంథం, ఎన్నో అధ్యాయం అని వెతికాను.
దొరికాయి కూడా,
ఆమెకి అనుకూలంగానే, రెండు మూడు శ్లోకాలు.
చెప్పలేదు.
నీళ్ళడిగాను.
తాగాను.

చదువు వృథా అని అనను.
తలకట్టంటే తలపాగా కూడా అని
ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.
తలపాగా తీసి ఒకరి కాళ్ళ దగ్గర పెట్టడం
ఏ మాటకి అర్థమో
పదకొండు రోజులు నేనే చెప్పాను.
పెట్టినవాడికి ఆ మాట తెలీదు.

దారిలో ఒక పలకా, బలపం కొన్నాను.
రాత్రి గచ్చు మీద కూర్చుని
అదే అక్షరం,
తలకట్టు కిందికి,
రాద్దామని చూశాను.
పదిసార్లు.

పదిసార్లూ ఒప్పే వచ్చింది.