ఒక్క లీటరు

పాకెట్ మీద రాసున్నది: ఒక్క లీటరు నీళ్లల్ల కలపాలె.
మరాఠీల ఉన్నది, హిందీల ఉన్నది.
నేను తెలుగుల తలుసుకొని మాడియాల చెప్పాలె.
మాడియాల లీటరుకు మాట
పన్నెండేండ్ల సంది దొరుకలె నాకు.

తలండి జురీ కొడుకు లాల్సుకు
తెల్లారేటాల్లకు ఏడుసార్లు.
కండ్లు లోతుకు పోయినయ్.
కడుపు మీద తోలు గుంజి ఇడిస్తె
మడత మడతలెక్కనే నిలబడ్డది.

"లీటరంటె ఎంతక్కా?"
గిన్నె చూపింది, చిన్నగైంది.
కుండ చూపింది, పెద్దగైంది.
ఆఖరుకు దూలానికి ఏలాడే సొరకాయ బుర్ర తెచ్చింది,
మొగడు కల్లు తాగేది.
నా సంచిల సీసతోని కొలిచిన.
మెడకాడికి సరిగ్గ లీటరు!
బొగ్గుతోని గీత గీసిన.

నీళ్లు కాగబెట్టి సల్లార్చమంటె జురీ నవ్వింది.
"పొద్దుగాల సంది మూడు మాట్ల వాగుకు పోయొచ్చిన.
వంటకొకటి, తాగనీకొకటి, వీని గుడ్డలకొకటి.
యే నీళ్లు కాగబెట్టాలె?"

ఇంటెనుక సండాసున్నది.
నీలిరంగు గోడ, తలుపు మీద నంబరు.
ముందర జురీ నిలబడ్డ ఫొటో గడ్చిరోలికి పోయింది.
నవ్వుమన్నరట, నవ్విందట.
తలుపు తీస్తె
ఇప్పపూల మూట, ఇరిగిన నాగలి,
గంపల గుడ్ల మీద కోడి.
లోపల ఆడమనిషి ఉండంగ తలుపు తీసినట్టు
నా దిక్కు గుర్రుగ చూసింది.

రిజిస్టర్ల గడి ఉంటది: వాడుతున్నరా?
పోయినేడు కాదు అని రాసిన.
ఊరి మొదట్ల బోర్డు పెట్టినం గదా,
దిద్దుకో అన్నడు గ్రామసేవకుడు.
దిద్దుకున్న.
దిద్దినకాడ కాయితం పలుచనై
అవతలి పేజీ కనవడుతది.

"అండ్లకు పోతె ఇంకొక బిందె పొయ్యాలె.
మోస్తవా నువ్వు?"
జురీ ఎక్కిరించలె. మాట అడిగింది, అంతే.

బిందె తీసుకొని దిగిన.
వానలకు ఒడ్డంత జారుడు.
మీదికెల్లి బర్లు పన్నయ్.
ఇంకింత మీద తుప్పల చాటుకు ఎవరో కూసున్నరు,
నేను మొకం తిప్పుకున్న,
ఆమె కూడ తిప్పుకున్నది.
ముంచేటప్పుడు నీళ్ల దిక్కు చూడలె.
ఎక్కేటప్పుడు రెండుసార్ల మోకాలు ఆనింది.
ఇంటికొచ్చి చూస్తె సగం బిందె,
తడిసిన చీర,
నాలుగు వందల పన్నెండు అడుగులు.
ఏ రిజిస్టర్లనూ దీనికి గడి లేదు.

కాగినయ్. సల్లారినయ్.
బుర్రల గీతదాక పోసి పొడి కలిపిన.
చెంచతోని పోస్తె కక్కిండు.
కొంచెమాగి మళ్ల పోసినం.
జురీ ఒక చెంచ, నేనొక చెంచ,
మాటల్లేకుంట, పొద్దు వంగేదాక.

దీపాల యాళ్లకు లాల్సు లేచిండు,
గోడ పట్టుకొని, పట్టుకొని, ఇంటెనుకకు పోయి
సండాసు నీలిగోడకు ఉచ్చ పోసిండు.
ఏడ పోసినవురా అని తిట్టలె మేము.
గోడ మీద ఆ తడిమరక
కిందికి పారుతుంటె
ఇద్దరం నిలబడి చూసినం.

లోపల కోడి ఒక్కసారి కొక్కొరించి ఊకున్నది.
పిల్లలు కావాలంటె ఇంకా పదకొండు దినాలట.