ఒక నూలు తేడా

పాకాల స్టేషన్ దాటి, మైలురాయి కాడ
కుడికన్నులో నలుసు పడి రుద్దుకుంటా ఉంటే
ఎడమ కంటికి కనపడింది.
పట్టాలో మెలిక.
పనిలో ఉండుంటే ఎర్రజెండా పాతి పరిగెత్తేవాణ్ణి.

ముప్పైనాలుగేండ్లు గ్యాంగుమేటుని.
పట్టాకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి
దూరందాకా చూసి
"ఒక్క నూలు ఎడమకి కొట్టండ్రా" అంటే
గడ్డపారలు నూలే జరిపేవి.

కీమ్యాను కాదర్ బాషాని కేకేసినా.
వంగి చూసినాడు. లేచి నన్ను చూసినాడు.
"మేటన్నా, పట్టా సరిగ్గానే ఉండాది."
ఎంత మెల్లగా అన్నాడో ఆ మాట.

తిరుపతిలో డాక్టరమ్మ గళ్ల కాగితం చూపింది.
చుక్క చుట్టూ గళ్లన్నీ
తడిసి ఎండిన చాప మాదిరి.
"కంటి తెర మీద ఇంకో పొర పెరిగింది పెద్దాయనా,
అది ముడుచుకుంటా కింది తెరను లాగుతా ఉంది."
"ఒలిచేస్తే తిన్నగా అయిపోతుందా?"
పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.
"శానామందికి మెరుగవుతుంది.
కొత్త కన్ను మాత్రం రాదు."
ఈమె చేతికి కన్ను ఇయ్యొచ్చు అనుకున్నా.

బల్ల మీద మెలకువగానే ఉన్నా.
కంట్లో నీలం నీళ్లు, వాటిలో పట్టకారు నీడ
చేపపిల్ల మాదిరి ముట్టి, వదిలి, మళ్లీ ముట్టి.
ఆమె ఊపిరి బిగబట్టింది, తెలిసింది నాకు.
మేమూ అంతే, జాకీ మీద పట్టా లేచేటప్పుడు.

మొదటి నెలంతా గంజినీళ్ల మసక.
ఆ పైనెల, ఒక పక్కకి జారిన దేశమ్మ దవడ
మెల్లిగా చోటుకొచ్చింది.
"ఇన్ని దినాలూ నన్నెట్టా చూస్తా ఉండావు?" అనడిగింది.
చెప్పలా.

నాలుగో నెల చార్టులో రెండు వరసలు ఎక్కువ చదివినా.
పక్క కుర్చీలో నగరి నేతాయన ఏకాంబరం
ఒక్కటీ దిగలేదు.
పోగు ఇంకా పాకుతానే ఉందంట.
నాలుగేండ్లు ఓర్చుకొని వచ్చినాడంట, మగ్గం ఆపలేక.
నా రెండు వరసల సంగతి
ఆయన ముందర ఎత్తలేదు నేను.

ఏడాది తిరిగేసరికి అదే కంట్లో శుక్లం.
అదీ తీసినారు.

మైలురాయి కాడ నిలబడి
కుడికన్ను అరచేత్తో మూసుకొని చూస్తా.
ఉండాది ఇంకా. ఒక నూలు.
ఏ గడ్డపారకీ జరగని నూలు.

"ఎట్లుండాది మేటన్నా?"
"బండి ఇడవచ్చురా కాదర్," అంటా,
"ఇరవై కిలోమీటర్ల బోర్డు పెట్టి."