ఎవరి ఉప్పు వారిది

పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మల కొట్టు మీద మేడగది, మా ఆఫీసు.
కింద ఆకురాయి రాపిడి, పైన ఆరు కంప్యూటర్ల రొద.
కరెంటు బిల్లుల ప్రోగ్రాంలో దొరికిన తప్పులన్నీ
రాసిపెట్టే చిట్టా ఒకటుంది, బ్రౌజర్లో తెరుచుకుంటుంది.
దాని కాపలా నాది.

కాపలా అంటే ఇప్పుడు నవ్వొస్తుంది.
నేను సెలవు పెడితే పని ఆగకూడదని
నా పాస్‌వర్డు గోడ క్యాలెండర్ మీద
ఏకాదశి గడి పక్కన ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాసి ఉండేది.
తాళం కప్ప ఉంది కదా అని ధీమా,
చెవి దానికే వేలాడుతున్నా.

మాఘంలో ఒక రాత్రి నలభై మూడు తప్పులు
"సరిచేశాం" అని మూతపడ్డాయి.
ఒక్కటీ సరికాలేదు.
మూసిన పేరు ఎలియాజర్ గొమాంగో.
ఆ రాత్రి ఎలియాజర్ సెరంగో అవతలి కొండ మీద
పెదనాన్న శవం పక్కన కూర్చునున్నాడు,
ఫోను పలకని చోట.
నేను కాదు మేడం, అన్నాడు తెలుగులో.
ఒడియాలో మళ్లీ అన్నాడు.
ఆపైన ఊరుకున్నాడు.
అతని మూడో భాష మాకెవరికీ రాదు.

ఎలా జరిగిందో చూద్దామని పట్టిక తెరిచాను.
పేరు, పక్కనే పాస్‌వర్డు,
ముసుగు లేదు, చాటు లేదు.
యజమాని పాణిగ్రాహిగారిది
ఎప్పుడో అమ్మేసిన స్కూటరు నంబరు.
లెక్కల కూర్మారావుది
పాణిగ్రాహిగారి మీద పచ్చి బూతు, చివర నాలుగు ఒకట్లు.
పన్నెండో వరసలో స్మృతిరేఖ.
ఏ భాషో తెలియని మాట ఒకటి, వెంట ఒక తేదీ.
పదిహేడో వరసలో ఎలియాజర్.
అదే మాట.
అదే తేదీ.

నలభై మూడు దొంగ సంతకాలు కుట్టలేదంత.
పట్టిక మూసి, కిటికీ దగ్గర నిలబడి
గుణుపురం బండి పోయేదాకా అటే చూశాను.

ఆ రాత్రే పని మొదలెట్టాను.
చోళ్లు తిరగల్లో పోస్తే పిండవుతాయి,
తిరగలి వెనక్కి తిప్పితే చోళ్లు కావు.
చిట్టా ఇకమీద పిండే దాచుకుంటుంది.
రేపు నువ్వొచ్చి నీ గింజలు పోస్తే
మళ్లీ విసిరి, ఆ పిండీ ఈ పిండీ పోల్చుకుంటుంది,
గింజ మాత్రం తనకీ తెలీదు.
తిప్పడం కూడా నెమ్మది చేశాను,
దొంగకి చెయ్యి నొప్పెట్టాలి.

అయినా విసిరి చూస్తే
పన్నెండులోనూ పదిహేడులోనూ పిండి ఒక్కటే.
కళ్లున్నవాడెవడైనా పోల్చుకోగలడు.
అందుకని ఒక్కొక్కరి గింజల్లో
ఒక్కో చిటికెడు వేరే ఉప్పు వేశాను.
ఉప్పనే అంటారు మా పనిలో, నేను పెట్టిన పేరు కాదు.
ఇప్పుడా రెండు వరసలకీ చుట్టరికం లేదు.

అయిదుసార్లు తప్పు కొడితే పావుగంట తలుపు తియ్యదు.
ఫోనుకి అంకెలొస్తాయి,
పాతపట్నం టవరు దాకా పోయి, ఏరు దాటి,
తాపీగా. కూర్మారావు తిడుతున్నాడు.
క్యాలెండర్లో ఆ గడి చింపేశాను,
వెనకున్న అమావాస్య కూడా పోయింది.

ఎవరు మూశారో తేలలేదు.
తప్పుల్లేవని కాగితం చూపిస్తే
ఎవరి బిల్లు పాసవుతుందో మాత్రం అందరికీ తెలుసు.
ఆ సాయంత్రం పాణిగ్రాహిగారు
మాకందరికీ టీ, ఎలియాజర్‌కి సమోసా కూడా చెప్పించారు.

అందరూ కొత్తవి పెట్టుకోండన్నాను.
మళ్లీ ఇద్దరూ ఒకటే మాట పెట్టుకున్నారేమో,
తెలిసే దారి నేనే పూడ్చేశాను.
వెళ్తూ వెళ్తూ స్మృతిరేఖ మెట్ల దగ్గర ఆగింది.
"పాతవి మీరు చూశారా, దీదీ?"
లేదమ్మా, అన్నాను.

ఈ తప్పొక్కటి
చిట్టాలో రాయలేదు.